మెడలో ఆరో పూస

ఎముకల వైద్యంలోకి కొత్తగా అడుగుపెడుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మీ రోజుల్లో స్కానింగులు లేకుండా మెడ ఆపరేషన్లు ఎలా చేసేవారండీ?" అని అడుగుతారు. నేను ఛాతీ విరుచుకుని ఏదో వీరగాథ చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది పూర్తయ్యేసరికి కాఫీ చల్లారిపోయి ఉంటుంది, వాళ్ళ ఉత్సాహం కూడా సగం చల్లారి ఉంటుంది. ఇకమీదట వచ్చేవాళ్ళకి ఆ శ్రమ తగ్గిద్దామని రాస్తున్నాను.

ఏ ఏడాది ఏ పోస్టులో ఉన్నానో, ఎవరు నా ఫైలు తొక్కిపెట్టారో ఇందులో ఉండదు. ఆ సంగతులన్నీ నాకంటే మా తోడల్లుడికి బాగా గుర్తు, కావాలంటే ఆయన్ని అడగండి. నేను ఒక మెడ గురించి రాస్తాను. ఆ మెడ విషయంలో నేను చేసిన తప్పు గురించి రాస్తాను. మొత్తం మీద నా ఉద్యోగం నాకు తృప్తినే మిగిల్చింది, ఆ తప్పుతో సహా.

చెట్లు, బళ్ళు, ప్లాస్టరు

డెబ్బైల్లో రాజమండ్రిలో ఎముకల డాక్టరు పనంటే ముప్పాతిక వంతు విరిగినవి అతకడమే. కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్ళు కోనసీమ నుంచి వచ్చేవారు, చెరకు బళ్ళ కింద కాళ్ళు పెట్టినవాళ్ళు తణుకు వైపు నుంచి, కదిలే రైల్లోంచి దిగబోయినవాళ్ళు నిడదవోలు నుంచి. నా చొక్కాలన్నిటి మీదా ప్లాస్టరు మరకలే. "వెల్ల వేసే మేస్త్రీని చేసుకున్నా ఇంతకంటే శుభ్రంగా ఇంటికొచ్చేవాడు" అనేది మా ఆవిడ.

వీటి మధ్య ఎప్పుడో ఒకసారి మెడ ఎముకలో గడ్డ వచ్చేది. ఒంట్లో ఇంకెక్కడో పుట్టి మెడకి పాకిన గడ్డలు వేరు. మెడ పూసలోనే పుట్టిన గడ్డ చాలా అరుదు, కొన్నేళ్ళపాటు ఒక్కటి కూడా కనిపించేది కాదు. మెడలో ఏడు పూసలుంటాయి. వాటి మధ్యలోంచి చిటికెనవేలంత లావున వెన్నుపాము దిగుతుంది. ముందు గొంతు, అన్నం గొట్టం, పక్కల మెదడుకి రక్తం మోసే నాళాలు. అక్కడ కత్తి పెట్టడానికి ఖాళీ జాగా అంటూ ఉండదు. చెయ్యి పొరపాటున గింజంత మేర జారినా మనిషి మంచం దిగడు.

పైగా ఆ రోజుల్లో మెడ బిగుసుకుని నొప్పి అంటే అందరికీ ముందు తోచేది క్షయే. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా, ప్రమాదం అక్కడే ఉంది. చాలాసార్లు నిజమైన మాటని మనం అన్నిసార్లూ నిజమనుకుంటాం.

మా చీఫ్ గారి వేలు

మా చీఫ్ గారు పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. రోగి కోసం గానీ, గవర్నరు కోసం గానీ ఒక్క నిమిషం కూడా ఎదురుచూడరని ఆయనకి పేరు. ఆయన చూపుడువేలు మా అందరికీ పాఠ్యపుస్తకం. వాపు మీద ఆ వేలు పెట్టి "ఇక్కడ విరిగింది" అంటే ఎక్స్‌రేలో అక్కడే విరిగి ఉండేది.

ఒకసారి అమలాపురం వైపు నుంచి కొబ్బరి దింపే మనిషి ఒకతను వచ్చాడు. మెడలో రెండో పూసని గడ్డ తినేస్తోంది. నాకు ఆపరేషన్ చెయ్యాలని చేతులు దురదపెట్టాయి. ఆయన ఒప్పుకోలేదు. ఇసుక సంచులు తలకి చెరో పక్కా పెట్టి, పెద్ద ఊరి ఆసుపత్రికి రైల్లో పంపించేశారు. నాకు ఒళ్ళు మండి రెండు రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. నాలుగు నెలలకి ఆ మనిషి తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ వచ్చి, ఆయన గదిలో కొబ్బరిబొండాల గెల పెట్టాడు. మన చేతకానిది మనకి తెలియడం కూడా వైద్యంలో భాగమని ఆ రోజు నాకు అర్థమైంది. ఆ తరవాత చీఫ్ గారు ఏం చెప్పినా నాకు వేదం. ఆ నమ్మకం నా కొంప ముంచిన సంగతి ముందు ముందు వస్తుంది.

వెంకటరత్నం గారు

తణుకు మార్కెట్లో వెంకటరత్నం గారికి కిరాణా కొట్టు ఉండేది. ముప్పై అయిదేళ్ళ మనిషి, పొట్టిగా, బొద్దుగా, మెడ లావుగా ఉండేవారు. నా గదిలోకి వచ్చినప్పుడు తల ఎడమ భుజం మీదకి వాలి ఉంది. నన్ను చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చింది. వెనకాల ఆయన భార్య సీతామహాలక్ష్మి గారు నిలబడ్డారు, చేతిలో పాత చీటీలు, ఎక్స్‌రేలు ఉన్న గుడ్డసంచి.

"కొట్లో కూర్చుంటే కొనడానికొచ్చినోళ్ళు నాకు పొగరనుకుంటున్నారండి. పిలిస్తే మెడ తిప్పనని" అన్నారాయన, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

రెండేళ్ళుగా నొప్పి. పగలు ఫర్వాలేదు, చీకటి పడ్డాక మొదలవుతుంది. మొదట క్షవరం చేసే ఆయనతో మెడ విరిపించుకున్నారు. అది గడ్డం గీసినంత మామూలు పని మా వైపు. ఆ తరవాత నిడదవోలులో ఒకాయన నూనె రాసి లాగాడు. ఆ పైన ఒక డాక్టరు క్షయ అని తేల్చి నెలల తరబడి ఇంజెక్షన్లు పొడిచాడు, గడ్డం దాకా ప్లాస్టరు వేశాడు. ఏదీ పని చెయ్యలేదు.

"నొప్పికి మాత్రలేమైనా వాడారా?" అని అడిగాను.

"ఆయ్, ఏం వాడలేదండి. ఆ ఇంజెక్షన్లేనండి."

"అస్సలు ఏమీ వాడలేదా?"

"లేదండి బాబూ."

నేను రాసుకున్నాను. క్షయ కాకపోతే ఏంటో నాకూ తోచలేదు. మెడ బిగుసుకుంది గానీ జ్వరం లేదు, బరువు తగ్గలేదు, ఎక్స్‌రేలో పూసలు నున్నగా ఉన్నాయి. ఆసుపత్రిలో చేర్చుకుని చూద్దామన్నాను. ఆయన బయటికి వెళ్ళాక సీతామహాలక్ష్మి గారు గుమ్మంలో ఆగారు.

"డాక్టరుగారండీ, ఈయన మీకు చెప్పరు. మొన్నొక రోజు కాలవ గట్టు మీద కూర్చుని, ఈ నొప్పితో బతకడం కన్నా ఇందులో దూకెయ్యడం నయం అన్నారండి. నాకు ఇద్దరాడపిల్లలు. మీరేం చేస్తారో నాకు తెలవదు, ఆయనకి నిద్ర పట్టించండి. అంతే."

ఆవిడ ఏడవలేదు, కొంచెం దబాయించినట్టే అడిగారు. సరేనమ్మా అన్నాను.

గాజు సీసా

వార్డులో ఆయన రెండు రోజులు బాగానే ఉన్నారు. మూడో రోజు నుంచి నర్సులు గోల పెట్టారు, ఈయన అరుపులకి పక్క మంచాలవాళ్ళకి నిద్ర లేదని. నేను సీతామహాలక్ష్మి గారిని పిలిచి, ఇంటి దగ్గర కూడా ఇలాగే అరిచేవారా అని అడిగాను.

"లేదండి, ఇంటి దగ్గర బిళ్ళలున్నాయి కదండి."

"ఏ బిళ్ళలు?"

"అదేనండి, కొట్లో గాజు సీసాలో ఉంటాయి కదా, తలనొప్పి బిళ్ళలు. ఆస్పిరిన్ బిళ్ళలండి. పడుకునేముందు రెండు వేసుకుంటారు. మళ్ళీ మధ్యలో లేచి రెండు. సంచిలో తెచ్చుకున్నవి మొన్నటితో అయిపోయాయి."

నేను ఆయన మంచం దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళాను. "మందులేమీ వాడలేదన్నారు కదండీ!"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "అవి మందులేంటండి? అది మా సరుకు కదండి. బెల్లం, చింతపండు ఎలాగో అదీ అలాగే. మందంటే మీరు రాసిచ్చేదండి."

ఆయన అబద్ధం చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ సీసా పప్పు డబ్బాల పక్కన చూస్తున్న మనిషికి అది పప్పు లాంటిదే. అందుకే మీకు చెప్పేది: మందులు వాడారా అని అడిగి ఊరుకోకండి. నోట్లో ఏమేం వేసుకుంటున్నారో అడగండి. అది కూడా భార్యనో తల్లినో అడగండి.

"వేసుకుంటే నొప్పి తగ్గేదా?"

"అరగంటలో మాయమండి. మళ్ళీ నాలుగు గంటలు పోయాక మొదలు."

ఎముకల్లో ఒక చిన్న గడ్డ ఉంది, ఆస్టియాయిడ్ ఆస్టియోమా అంటాం. పెరిగి చంపేది కాదు. బఠాణీ గింజకి మించదు. కానీ చీకటి పడ్డాక మనిషిని పీక్కుతింటుంది, ఆస్పిరిన్ వేస్తే మంత్రం వేసినట్టు తగ్గుతుంది. కాలి ఎముకలో రెండు మూడుసార్లు చూశాను గానీ మెడలో ఎప్పుడూ చూడలేదు. ఆయన్ని విశాఖపట్నం పంపించి పొరలు పొరలుగా తీసే ఎక్స్‌రే తీయించాం. ఆరో పూస వెనక కమానులా వంగి ఉండే ఎముకలో, ఎడమ పక్కన, తెల్లటి ఉంగరం మధ్య చిన్న నల్లచుక్క. చీఫ్ గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, "పట్టుకున్నావోయ్. వెనకవైపు నుంచి తియ్యొచ్చు, ఇది మనం చెయ్యగలిగిందే. నువ్వు చెయ్యి" అన్నారు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం ఎంత రుచిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. దొండకాయ వేపుడు.

పదీ పన్నెండు

ఆపరేషన్‌కి ముహూర్తం పెట్టించుకోవడం మా జిల్లాల్లో కొత్త కాదు. సీతామహాలక్ష్మి గారు పురోహితుణ్ణి అడిగి వచ్చారు. పదీ పన్నెండుకి మొదటి గాటు పడాలి, పదిన్నరకి రాహుకాలం. సరేనన్నాను. అంతకుముందు అందరికీ సరేనన్నాను, ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు. రక్తం ఎక్కువ పోకుండా పది రోజుల ముందు నుంచీ బిళ్ళలు మాన్పించాం. ఆ పది రోజులూ ఆయన కళ్ళ కింద నలుపు రోజురోజుకీ పెరిగింది.

మత్తిచ్చి, బోర్లా పడుకోబెట్టి, పూస మీద గుర్తుగా సూది గుచ్చి ఎక్స్‌రే తియ్యడం పద్ధతి. సూది ఏ పూస మీదుందో పై నుంచి లెక్కపెట్టుకుంటే తప్పు జరగదు. మా ఎక్స్‌రే మూర్తి గారు ఫిల్ము తీసి, చీకటి గదిలో కడిగి, నీళ్ళు కారుతుండగానే తెచ్చారు. వెంకటరత్నం గారి లావు భుజాలు అడ్డొచ్చి, కింది పూసలు కనిపించాల్సిన చోట అంతా తెల్లగా ఉంది.

"ఇంకోటి తీస్తానండి. చేతులు కిందికి లాగి పట్టుకోవాలి. పావుగంట పడుతుందండి" అన్నారు మూర్తి గారు.

గడియారం చూశాను. పదీ ఎనిమిది. గుమ్మంలో నిలబడ్డ చీఫ్ గారు, "ఏడో పూస చేతికి తగలట్లేదుటయ్యా?" అన్నారు.

మెడ వెనక కింద పెద్దగా, బొడిపెలా తగిలేది ఏడో పూస అని పుస్తకంలో ఉంటుంది. చాలామందికి అంతే. వేలు పెట్టాను, తగిలింది. దాని పైది ఆరోది. పదీ పన్నెండుకి గాటు పెట్టాను. ఎడమ కమాను తీశాను. కొంచెం ఎర్రగా కనిపించింది, అదేననుకున్నాను. అదే అయి ఉండాలని అనుకున్నాను, ఆ రెంటికీ తేడా ఉందని అప్పుడు తెలియలేదు. గంటన్నరలో కుట్లు వేసేసి, బయటికి వచ్చి, సీతామహాలక్ష్మి గారితో "తీసేశామమ్మా" అని చెప్పాను.

మూడు రోజులు నొప్పి తగ్గించే గట్టి ఇంజెక్షన్ల మీద ఆయన హాయిగా ఉన్నారు. ఇంజెక్షన్లు ఆపిన మర్నాడు పొద్దున్న రౌండ్స్‌కి వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఉన్నారు. తల ఎడమ భుజం మీదే ఉంది.

"అదే నొప్పండి. అదే చోట" అన్నారు.

మూర్తి గారు మళ్ళీ ఎక్స్‌రే తీశారు. ఈసారి చేతులు రెండూ ఇద్దరితో కిందికి లాగించారు. ఫిల్ము తెచ్చి వెలుతురు పెట్టెకి తగిలించారు. పై నుంచి లెక్కపెట్టాను. ఆరో పూస చెక్కుచెదరకుండా, తన ఉంగరంతో సహా, అక్కడే కూర్చుని ఉంది. నేను తీసింది ఏడో దాని కమాను. ఆయనకి బొడిపెలా తగిలే పూస ఏడోది కాదు, దాని కిందిది, వీపులో మొదటిది.

చెప్పాలా వద్దా

చీఫ్ గారు ఫిల్ము చూసి తలుపు వేశారు.

"తీసిన ముక్క వల్ల మెడ బలానికేం నష్టం లేదు. అది అదృష్టం. మూడు వారాలు ఆగు. గడ్డ కొంచెం మిగిలిందని చెప్పి మళ్ళీ తెరువు. ఆ మాట కూడా నిజమే కదా" అన్నారు.

"మొత్తం మిగిలిందండి."

"ఏవోయ్, ఆ మనిషికి నీ మీద నమ్మకం పోతే రెండోసారి కత్తి కిందకి రాడు. ఆ నొప్పితోనే బతుకుతాడు. లేదా బతకడు. నీ మనసు తేలిక చేసుకోడానికి ఆయన ప్రాణం పణంగా పెడతావా?"

మీరు ఆయన్ని తిట్టుకోకండి. ఆ మాటలో బలం ఉంది. నేను ఆ రోజంతా ఆలోచించాను. కాలవ గట్టు మాట నా చెవిలో అలాగే ఉంది. కానీ మొదటిసారి "తీసేశామమ్మా" అన్నది నేను. రెండోసారి ఆవిడ ముందు నిలబడి ఇంకో అబద్ధం చెప్పాక నా చెయ్యి స్థిరంగా ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. దీన్ని నీతి అనుకోకండి, భయం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మర్నాడు భోజనాల వేళ దాటాక వెళ్ళాను. ఇద్దరూ ఉన్నారు.

"తప్పు జరిగిందండి. నేనే చేశాను. గడ్డ ఆరో పూసలో ఉంటే ఏడో పూస మీద కోశాను. గడ్డ అలాగే ఉంది" అన్నాను.

సీతామహాలక్ష్మి గారు లేచి నిలబడ్డారు.

"అంటే పది రోజులు బిళ్ళ వేసుకోనివ్వకుండా చంపి, మత్తిచ్చి, కోసి, ఆయన మంచి ఎముక తీసేశారా?"

"అవునమ్మా."

"ఇంకోసారి కొయ్యనివ్వనండి. సామాను సర్దుతాను."

ఆవిడ గుడ్డసంచి అందుకున్నారు. నేను అడ్డుపడలేదు, అడ్డుపడే హక్కు నాకు లేదు. అప్పుడు మంచం మీంచి ఆయన, ఒళ్ళంతా నా వైపు తిప్పి, మెల్లగా అన్నారు:

"ఆగవే. డాక్టరుగారూ, ఇది మీరు చెప్పకపోతే మాకు తెలిసేదాండి?"

"తెలిసేది కాదు."

"మా కొట్లో కందిపప్పు అడిగినోళ్ళకి పెసరపప్పు కట్టి పంపేస్తాం ఒక్కోసారి. రద్దీలో. వెనక్కి పిలిచి మార్చేవాడి దగ్గరికే మళ్ళీ వస్తారండి జనం. వేరేచోటికెళ్తే అక్కడాయన తప్పు చెయ్యడని ఏంటండి నమ్మకం? చెప్తాడని ఏంటండి నమ్మకం?"

నాకు కళ్ళు చెమర్చాయి. దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాను. సీతామహాలక్ష్మి గారు మాత్రం కరగలేదు.

"ఎక్కడుందో నాకు చూపించండి" అన్నారు.

ఆవిడ లెక్క

ఫిల్ము తెప్పించి కిటికీ వెలుతురుకి పట్టుకున్నాను. ఇది పుర్రె, దీని కింద ఉంగరంలా ఉన్నది ఒకటోది, మేకులా పైకి పొడుచుకొచ్చినది రెండోది అని చూపించాను. ఆవిడ అక్కణ్ణించి తనే వేలు జరుపుకుంటూ పోయారు. "మూడు, నాలుగు, అయిదు, ఆరు." ఆరు దగ్గర వేలు ఆగింది. ఉంగరం ఆవిడకే కనిపించింది.

"ఇదేనా?"

"అదేనమ్మా."

"ఇంత తేలిగ్గా ఉందే. మరి ఆ రోజు ఇలా లెక్కపెట్టలేదా మీరు?"

నా ముప్పై ఏళ్ళ సర్వీసులో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు నన్ను నిలదీశారు. ఇంత కరెక్టు ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"లేదమ్మా. ఫిల్ము సరిగా రాలేదు. ఇంకోటి తీసేదాకా ఆగలేదు."

ఆవిడ గొంతు తగ్గించి, "నేను పెట్టించిన ముహూర్తం కోసమాండి?" అన్నారు.

"ముహూర్తం మీది. తొందర నాది. పావుగంట ఆగండని చెబితే మీరు కాదనేవారు కాదు. నేను చెప్పలేదు."

ఆవిడ సంచి కింద పెట్టారు. "అయితే ఒక్క మాటండి. ఈసారి ముహూర్తం లేదు. మీరు లెక్కపెట్టాక ఆ ఫోటో నా దగ్గరికి పంపించండి. నేనూ లెక్కపెడతాను. నేను ఆరు అన్నాకే కొయ్యండి."

చీఫ్ గారితో చెప్పాను. వార్డంతా నవ్వుకుంటుందేమో అనుకున్నాను. ఆయన నవ్వలేదు. "ఆవిడకున్న పట్టుదల మనకి లేకపోయింది" అన్నారు.

మూడు వారాలకి గాయం మానింది. ఆయన్ని మళ్ళీ బోర్లా పడుకోబెట్టాం. ఈసారి మూర్తి గారు రోగి మణికట్లకి బ్యాండేజీ గుడ్డలు కట్టించి, ఇద్దరితో కాళ్ళ వైపు నుంచి లాగించారు. సూది గుచ్చాను. ఫిల్ము వచ్చింది, పూసలన్నీ కనిపిస్తున్నాయి. నేను పైకి లెక్కపెట్టాను, ఆరు. మూర్తి గారు నీళ్ళు కారుతున్న ఆ ఫిల్మునే పట్టుకుని వరండాలోకి వెళ్ళారు. మేమంతా చేతులు ముడుచుకుని నిలబడ్డాం. ఎంతకీ రారు. చివరికి వచ్చి, "ఆరేనటండి. ఒకసారి చాలదని మూడుసార్లు లెక్కపెట్టారండి" అన్నారు.

చీఫ్ గారు చేతులు కడుక్కుని నా ఎదర నిలబడ్డారు. కండల్ని పక్కకి లాగి పట్టుకునే కొక్కెం అందుకున్నారు. అది మాలో అందరికంటే చిన్నవాడు పట్టుకునేది. రెండు గంటలు ఆ కొక్కెం కదలకుండా పట్టుకున్నారు. మధ్యలో ఒక్కసారే మాట్లాడారు, కళ్ళెత్తకుండా: "ఆ రోజు నా వేలైనా అలాగే మోసపోయేదిలేవోయ్."

గట్టిపడ్డ తెల్లటి ఎముకని సన్నటి డ్రిల్లుతో, చిన్న చెంచాలాంటి పనిముట్టుతో కొద్దికొద్దిగా గీరుకుంటూ వెళ్ళాను. దాని అడుగునే వెన్నుపాము పొర, గుండె కొట్టుకుంటుంటే అదీ సన్నగా కదులుతూ కనిపిస్తోంది. గూడు తెరుచుకుంది. లోపల ఎర్రటి గింజ. పండిన రేగుపండు రంగు. దాన్ని ఒక్క ముక్కగా ఎత్తి గిన్నెలో వేశాను. ఇంత చిన్నదా అనిపించింది. రెండేళ్ళ నిద్ర తిన్నది అదీ.

అప్పటి నుంచి నా థియేటర్లో మెడ గానీ వీపు గానీ తెరిచే ముందు ఇద్దరు పైకి లెక్కపెట్టాల్సిందే, ఆ రెండోవాళ్ళు నాకంటే తక్కువ హోదాలో ఉండాల్సిందే. నన్ను కాదనడానికి భయపడేవాళ్ళయితే ఇంకొకరిని పిలిచేవాణ్ణి. మీ చేతుల్లో ఇప్పుడు తెర మీద పూసలు కదులుతూ కనిపించే మిషన్లున్నాయి. అయినా లెక్కపెట్టండి, వినపడేలా. ముహూర్తాలు పెట్టుకునేవాళ్ళని చూసి నవ్వకండి. మనకీ ముహూర్తాలున్నాయి. మధ్యాహ్నం క్లినిక్కు, సాయంత్రం రైలు, తరవాతి కేసు. వాటి కోసం మనం ఎన్నిసార్లు తొందరపడ్డామో ఎవరికీ చెప్పం.

నాలుగో పొద్దు

మూడు రోజులు ఇంజెక్షన్లు నడిచాయి. ఆయన బాగానే ఉన్నానన్నారు. ఆ మాట నేను నమ్మలేదు, మొదటిసారీ మూడు రోజులు బాగానే ఉన్నారు. మూడో రోజు సాయంత్రం ఇంజెక్షన్ ఆపించాను. బిళ్ళలు ఆవిడ చేతికిచ్చి, నొప్పి వస్తే వెయ్యమని చెప్పి ఇంటికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి చీఫ్ గారు, నేను రౌండ్స్‌కి బయల్దేరాం. రెండో ఆపరేషన్ తరవాత వెంకటరత్నం గారిని వరండా చివర గదిలో ఉంచాం. నా కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాను. ఆ తలుపు ముందు సీతామహాలక్ష్మి గారు స్టూలు వేసుకుని అడ్డంగా కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు గానీ పక్కకి తప్పుకోలేదు. పెదాల మీద వేలు పెట్టారు.

"లేపకండి" అన్నారు, గుసగుసగా.

"ఏమైందమ్మా? బిళ్ళలు వేశారా?"

ఆవిడ గుప్పిట విప్పి చూపించారు. నేనిచ్చిన బిళ్ళలు నాలుగూ కాయితంలో అలాగే ఉన్నాయి.

"తొమ్మిదింటికి పడుకున్నారండి. ఇప్పటిదాకా కదల్లేదు. నాకే భయమేసి నాలుగుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. రెండేళ్ళయిందండి ఆయన ఇలా పడుకుని. మీరు పెద్ద డాక్టర్లే కావచ్చు, ఇప్పుడు లేపితే మాత్రం ఊరుకోను."

ఆ మాట అంటూనే ఆవిడ పైటతో కళ్ళు తుడుచుకున్నారు. అన్ని రోజుల్లో ఆవిడ కళ్ళ నీళ్ళు చూడటం నాకు అదే మొదలు. నేనూ ఆపుకోలేదు.

చీఫ్ గారి వైపు చూశాను. ఆయన చేతి గడియారం చూసుకున్నారు. ఇంకా చూడాల్సిన మంచాలు ఇరవై ఉన్నాయి.

"అలాగేనమ్మా" అన్నారు. ఎదురుగా గోడవారన బెంచీ ఉంది. ఇస్త్రీ ప్యాంటు నలగకుండా మోకాళ్ళ దగ్గర కొంచెం పైకి లాక్కుని దాని మీద కూర్చున్నారు.

"మిగతా వార్డు చూసి వద్దామాండి?" అన్నాను.

"ఉండవోయ్. కూర్చో. విను" అన్నారు.

కూర్చున్నాను. తలుపు సందులోంచి వెంకటరత్నం గారి గురక వినిపిస్తోంది.